నాలుగు వేళ్ళ జుట్టు

నేను నీళ్ళు పోస్తూంటే షామా ఎందుకు ఆపలేదు?

నలభై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. చదివిన పుస్తకాల్లో మనుషులు ఏ పని ఎందుకు చేశారో ఏదో ఒక పేజీలో తెలిసిపోయేది. షామా నాకు గోడకి అటుపక్క ఆరేళ్ళు బతికిన మనిషి. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, నా తల ఆమె ఒళ్ళో పెట్టాను. అయినా తెలియలేదు.

షామా జడలు అల్లే మనిషి. నైలు ఒడ్డున ఒమ్‌దుర్మాన్ ఊళ్ళో మా పేటలో ఏ పెళ్ళికూతురి తలైనా ముందు షామా ఒళ్ళోకే వెళ్ళేది. నుదుటి నుంచి మెడదాకా, పురికొసంత సన్నగా, తలకి నూట యాభై జడలు. మామూలు తలకి ఒక పూట, పెళ్ళికూతురైతే మూడు రోజులు. ఆ పిల్ల నులకమంచం మీద పడుకుని తల షామా తొడమీద పెట్టేది. షామా పాపిడి పుల్లతో గీత తీసి, కాచిన నూనె వేలికొసతో ఆ గీతలో రాసి, అల్లడం మొదలుపెట్టేది. నువ్వులనూనెలో గొర్రెకొవ్వు, లవంగాలు, నారింజ తొక్కలు వేసి కాచే ఆ నూనె వాసన ఆమె వెంటే నడిచేది. వీధిలోకి ఆమె రాకముందే వాసన వచ్చేది.

మొగుడు బాబికర్ ఉబయ్యిద్ ఊరి దారిలో లారీ నడిపేవాడు. నెలకి ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. ఉన్న పది రోజులూ "ఈసారి ఎన్ని తలలు?" అని అడిగేవాడు, పెళ్ళాం ఏదో యుద్ధానికి వెళ్ళొచ్చినట్టు. ఆమె పుల్లా దువ్వెనా సంచిలో వేసుకుని ఏ ఇంటికి వెళ్ళినా అతను కాదనలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. అత్తగారు హాజ్జా మస్తూరాకి మాత్రం కోడలు ఊరి తలలన్నీ మోయడం నచ్చేది కాదు. కొడుకు ఊ అన్నాక చేసేదేముంది.

మాది పక్కిల్లు. నేను ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. మా నాన్న మంచంమీద రేడియో వింటూ ఉండేవాడు. రెండిళ్ళకీ మధ్య గోడలో వంగి దూరాల్సినంత చిన్న తలుపు ఉండేది. ఉప్పు, నిప్పు, కబుర్లు అందులోంచే అటూ ఇటూ నడిచేవి.

వానల్లో ఒకరోజు వాగు దాటబోయి బాబికర్ లారీతో సహా పోయాడు.

మా వైపు మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇంట్లో కూర్చోవాలి. దాన్ని మేం చెర అనే అంటాం, దాచుకోం. ముతక తెల్లగుడ్డ కప్పుకుని నేలమీద చాపే ఆసనం. వాసన ఉన్నదేదీ ముట్టకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు, గడప దాటకూడదు. ఇది అందరికీ ఉన్నదే. హాజ్జా మస్తూరా పుట్టింటి ఆడవాళ్ళకి ఇంకో పద్ధతి ఉండేది. మొగుడు పోయినరోజు తల ఎలా ఉందో గడువు తీరేదాకా అలాగే ఉంచాలి.

మూడో రోజు నేను పక్కనే ఉండగా షామా చెయ్యి తలమీదికి వెళ్ళింది.

"ముట్టుకోకు," అంది మస్తూరా. "మావాడు ఆఖరిసారి చూసిన తల అది."

"అత్తా, అల్లి ఇప్పటికే నెల దాటింది. ఇంకో నాలుగు నెలలుంచితే ఉండ కట్టుకుపోతుంది."

"కట్టనీ. నా గుండె కట్టలేదూ?"

మసీదు పెద్దాయన్ని అడిగించాను. వాసన లేని నూనె రాసుకోవచ్చు, దువ్వుకోవచ్చు, తప్పులేదని కబురంపాడు. మస్తూరా వినేసి, "ఆయనకేం, తలపాగా చుట్టుకుంటే ఆయన తల ఎవరికీ కనపడదు. ఈ ఇంట్లో ఉండేది నేను," అంది. అలాగని రాక్షసి కాదు. కోడలికి జొన్న అంబలి తన చేత్తో కలిపి, చల్లారేదాకా విసిరి తాగించేది. కొడుకు వాడిన గ్లాసు, కొడుకు చెప్పులు, కొడుకు చూసిన తల. వీటిలో ఏదీ కదలకూడదు, అంతే.

నెల తిరిగేసరికి ఇంకో మాట బయటపడింది. గడువు తీరగానే షామాని చిన్న కొడుకు ఇద్రీస్‌కిచ్చి చేస్తారట. ఇద్రీస్‌కి ఇరవై రెండు, షామాకి ముప్ఫై ఒకటి. అతను ఆమెని వదినా అని పిలిచేవాడు. పెళ్ళిమాట వచ్చాక ఏమని పిలవాలో తెలియక పిలవడమే మానేశాడు.

"ఇల్లు దాటక్కర్లేదు, గుమ్మం మారక్కర్లేదు," అని మస్తూరా నాతో సంబరంగా చెప్పింది. "ఇంక ఊరి తలలు దానికెందుకు తల్లీ? ఈ ఇంట్లో తలలు చాలవూ?"

ఆ రోజు షామా చాపమీద గోడకి తిరిగి పడుకుని ఉంది. నేను పక్కన కూర్చోగానే గొంతు తగ్గించి అడిగింది: "పంతులమ్మా, నువ్వు పళ్ళూడిన పళ్ళ వైద్యుడి దగ్గరికి వెళ్తావా?"

"వెళ్ళను."

"జడలల్లేదాని తల కూడా అంతే. ముందు చూసేది అదే. ఈ తల ఉండకట్టి గొరిగించుకున్నానంటే నన్ను ఏ ఇంటికీ పిలవరు. అప్పుడు అత్త చెప్పిన గుమ్మమే గతి. నా జుట్టు నాకు కావాలి. విప్పిపెట్టు."

"నాకు రాదే."

"నా చేతులు వెనక్కి పెట్టి గంటసేపు కూర్చుంటే అత్త చూడదా? నువ్వైతే పక్కన కూర్చుంటావు. గుడ్డ కింద చేయి పెడతావు. ఎవరికి తెలుస్తుంది?"

అలా మొదలైంది. బడి అయ్యాక రోజూ సాయంత్రం పేపరు పట్టుకుని ఆ చిన్న తలుపులోంచి వెళ్ళేదాన్ని. మస్తూరా ముంగిట్లో కాఫీ గింజలు వేపుతూ ఉండేది. చదువు రాదుగానీ వార్తలంటే చెవి కోసుకునేది. నా గొంతు ఆగితే ఆమె లోపలికి వస్తుంది. అందుకని పేపరు మోకాళ్ళమీద పరిచి, తెల్లగుడ్డ కింద చేతులు పెట్టి, కళ్ళు జడమీద ఉంచి, వార్తలు నేనే పుట్టించి చదివేదాన్ని.

"కస్సలా నుంచి వస్తున్న ఉల్లిపాయల రైలు దారి తప్పింది..."

"రైలు దారి తప్పడమేమిటే? పట్టాలుంటాయి కదా?" అని ముంగిట్లోంచి మస్తూరా.

"పట్టాలే దారి తప్పాయి పెద్దమ్మా."

గుడ్డ కింద షామా భుజాలు కదిలిపోయాయి. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. మర్నాడు నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మస్తూరా పరుగున వచ్చి, "ఆ ఉల్లిపాయలు దొరికాయా?" అంది. దొరకలేదని చెప్పాను. వారంరోజులు దొరకనివ్వలేదు. వీధి వీధంతా ఉల్లిపాయలు కొని దాచుకుందని తరవాత తెలిసి సిగ్గుపడ్డాను.

షామా గుసగుసగా నేర్పేది. "కొస నుంచి విప్పు. మొదట్లో పట్టి లాగితే వేరు తెగుతుంది. పుల్ల మొన జడ నడుమ దూర్చి ఒక్కో మెలికా వదులు చెయ్యి. తొందరపడకు, పిల్లల పరీక్ష పేపరు కాదు."

మొదటి జడ విప్పగానే నా చేతిలోకి గుప్పెడు వెంట్రుకలు వచ్చాయి. హడలిపోయాను.

"అయ్యో, ఊడిపోతోందే!"

"ఊడటం కాదు. రోజూ రాలాల్సినవే. బయటికి దారిలేక జడలోనే ఆగిపోయాయి. పారెయ్యకు, ఎవరి చేతికైనా చిక్కుతాయి. పాతిపెట్టు."

వాటిని పేపరులో చుట్టి మా పెరట్లో గుంత తవ్వి పెట్టేదాన్ని. విప్పిన పాయని ఊరికే వదలకుండా రెండు పాయలుగా మెలితిప్పి ఉంచమనేది, మళ్ళీ చిక్కుపడకుండా. కష్టమంతా జడ మొదట్లో ఉండేది. మా ఇసుకగాలి దుమ్మూ, పాత నూనె జిడ్డూ, రాలిన వెంట్రుకా కలిసి అక్కడ మినపగింజంత ముడి పడేది. దానిమీద వాసనలేని నూనెచుక్క వేసి, రెండు చేతుల వేళ్ళతో పక్కలకి లాగాలి. ఆపైనే పుల్ల. ఒక్కో ముడికి పది నిమిషాలు. రోజుకి రెండు జడలు, మంచిరోజైతే మూడు.

నాదీ అలాంటి జుట్టే. కానీ చిన్నప్పట్నుంచీ తల ఎవరో ఒకరి ఒళ్ళో పెట్టి పుస్తకం తెరిచినదాన్ని నేను. నెత్తిమీద ఏం జరుగుతుందో ఎన్నడూ పట్టించుకోలేదు. ముప్ఫై మూడేళ్ళొచ్చి మొదటిసారి తెలుసుకుంటున్నాను, మోస్తున్న తల గురించి.

ఆ సాయంత్రాల్లోని గది ఇంకా నా కళ్ళముందు ఉంది. ఎత్తున ఒక్క కిటికీ. బయట మనిషి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. పక్క వీధిలో డోలు మోగితే షామా వేళ్ళు చాప పోగుల్ని పట్టుకుని వాటంతట అవే అల్లుతుండేవి. "ఆ పిల్ల నడినెత్తిన సుడి ఉంది, రెండు పాపిళ్ళు తియ్యాలి. ఎవరు అల్లుతున్నారో, చూశారో లేదో," అనేది. ఇంకోరోజు, "ఇక్కడ నా చుట్టూ ఉన్నదంతా ప్రేమే పంతులమ్మా. గోడైతే దూకుదును," అంది. నేను లేని వార్త ఇంకోటి చదివాను.

గడువు ఇంకా పది రోజులు ఉందనగా ముందు భాగం, నడినెత్తి, పక్కలు అయిపోయాయి. మెడదగ్గరి జడలు మిగిలాయి. పడుకునేటప్పుడు నేలకి ఒరిసేది ఆ భాగమే కనుక అక్కడ పదిహేను, ఇరవై జడలు ఒకదాన్నొకటి పట్టేసి అట్టకట్టాయి. రెండు రోజులు వేళ్ళతో కష్టపడ్డాను. గోళ్ళు విరిగాయి. మూడోరోజు మస్తూరా చుట్టాలింటికి వెళ్ళింది. ఇదే అదననుకున్నాను. ఎండిన తోలుకూడా నానబెడితే మెత్తబడుతుంది కదా. కూజాలో నీళ్ళు తెచ్చాను.

షామా బోర్లా పడుకుని, నుదురు నా మోకాలికి ఆనించి ఉంది. కూజా నేలకి తగిలిన చప్పుడు ఆమెకి వినిపించే ఉంటుంది. "నీళ్ళు తెచ్చాను," అని చెప్పాను కూడా. మొదటి ధార మెడమీద పడగానే ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. అంతే. కూజా ఖాళీ అయ్యేదాకా ఒక్క మాట అనలేదు. పైగా చేతులు రెండూ గడ్డం కిందికి తెచ్చి పెట్టుకుంది, నాకు అడ్డం లేకుండా.

మర్నాటికి ఆరింది. గుడ్డ ఎత్తి చూస్తే అక్కడున్నది జుట్టు కాదు, ఒంటె జీను కింద వేసే మందపు కంబళిముక్క. పుల్ల మొన కూడా దిగలేదు. ముడి విడిపోకముందు నీళ్ళు తగిలితే ముడి బతికున్న దానిలా బిగుసుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. కొస నుంచి విప్పమని చెప్పిన మనిషి, వెంట్రుకలు పాతిపెట్టమని చెప్పిన మనిషి, ఆ ఒక్కటీ చెప్పలేదు.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నీ బడి కత్తెర తీసుకురా," అంది.

"వద్దు షామా, ఇంకో రెండు రోజులు..."

"కొయ్యి. చెయ్యి వణకనీకు, పక్కవాటిని కోసేస్తావు."

కోశాను. అరచేతి వెడల్పున మెడమీది జుట్టంతా పోయింది. పైనున్న పాయలు దానిమీదికి దించి గుడ్డ కప్పాం. ఎదుటినుంచి చూస్తే నిండు తలే.

గడువు తీరినరోజు పొద్దున్నే ఆడవాళ్ళం ఆమెని నైలు ఒడ్డుకి తీసుకెళ్ళి ముఖం కడిగించాం. ఇంటికి తిరిగొచ్చేసరికి కల్తూమ్ ముసలమ్మ నులకమంచం పక్కన పీట వేసుకుని సిద్ధంగా ఉంది. షామాకి పని నేర్పింది ఆమే. పెళ్ళిజడలు ఆమె చేత్తోనే పడాలని మస్తూరా కబురంపి పిలిపించింది. షామా వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టింది. ముసలమ్మ గుడ్డ తీసి, ముందు పాయలు నిమిరి, "ఎవరు విప్పారో, శ్రద్ధగా విప్పారు," అని మెచ్చుకుంది. మస్తూరా నా వైపు చూసింది. అప్పుడు ముసలమ్మ వేళ్ళు మెడమీదికి పోయి ఆగాయి.

"దీనికి నీళ్ళు తగిలాయి," అంది. "ముడిమీద నీళ్ళు పోసిందెవరు?"

నేను నోరు తెరిచాను. షామా ముందే అంది: "నేనే పోసుకున్నాను."

"నువ్వా?" ముసలమ్మ ఆమె గడ్డం పట్టి తల తిప్పి కళ్ళలోకి చూసింది. "నా దగ్గర చేరిన తొలిరోజు నేను నీకు నేర్పిన మొదటి ముక్క ఏమిటే?"

షామా కళ్ళు మూసుకుంది. ముసలమ్మ ఇంక అడగలేదు.

మస్తూరా వచ్చి ఆ చోట చెయ్యి పెట్టి చూసి, మంచం కోడుకి ఆనుకుని నేలమీద చతికిలబడింది. "మావాడు చూసిన తల... అది కూడా దక్కలేదు," అని చిన్నపిల్లలా వెక్కింది. ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. వాళ్ళ వంశంలో మెడదాకా జడలు పడని పెళ్ళికూతుర్ని పీట ఎక్కించరు. ఎన్ని వేళ్ళ జుట్టుంటే జడ పడుతుందని ముసలమ్మని అడిగింది.

"లాగి పట్టుకుంటే నాలుగు వేళ్ళుండాలి."

"పెరిగేదాకా ఆగుతాం. పెరిగేదాకా గడప దాటకూడదు."

ఒక చెర తీరి ఇంకోటి మొదలైంది. ఈసారి తెల్లగుడ్డ లేదు, రోజుల లెక్కా లేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మస్తూరా కోడల్ని ముంగిట్లో కూర్చోబెట్టి, మెడమీది జుట్టు ఒక పాయ లాగిపట్టి, తన వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచేది. ఒక వేలు. ఒకటిన్నర. ఇద్రీస్ ఆ టైముకి ఇంట్లోంచి వెళ్ళిపోయేవాడు. తన జుట్టే తనకి గడియారమైపోయిందని షామా నాతో అంది. దాన్ని ఆపడానికి లేదు. జుట్టు పాడుచేసుకుంటే పని పోతుంది, బాగా చూసుకుంటే పెళ్ళి వస్తుంది. అయినా ఆమె బాగానే చూసుకునేది. రోజూ నూనె రాసేది, పడుకునేముందు మెత్తటి గుడ్డ చుట్టుకునేది. నాకు అర్థమయ్యేది కాదు.

"రాయకపోతే నెమ్మదిగా పెరుగుతుందేమో కదా," అన్నాను ఓసారి.

"జుట్టు ఏం పాపం చేసింది?" అంది.

బయటికి వెళ్ళడానికి మిగిలింది ఒక్కటే, మా గోడలో తలుపు. అదికూడా నా తల అల్లడానికి మాత్రమే, మస్తూరా పంపితేనే. మా వీధి గుమ్మం వేరే వీధిలోకి ఉంటుందని మస్తూరాకి తెలియక కాదు. నేను పంతులమ్మని, నాన్న మంచంమీద మెలకువగా ఉంటాడు. జడలు విప్పింది నేనేనని తెలిసినా మామీద నమ్మకం పోలేదు.

మూడు వేళ్ళు దాటి నాలుగోది సగం నిండింది. కల్తూమ్ ముసలమ్మ చూసి, లాగితే పడుతుందిలే, వచ్చే గురువారం మొదలుపెడదాం అంది.

ఆ సోమవారం షామా వాళ్ళత్తతో, "పంతులమ్మ తల చూడు అత్తా, పిచ్చుక గూడులా ఉంది. పెళ్ళికి అలాగే వస్తే మన పరువేం కాను?" అంది.

"వెళ్ళు, వెళ్ళు. ఎండ దిగేలోగా వచ్చెయ్," అంది మస్తూరా. "సన్నగా అల్లు. అది ఊరికే పుస్తకాలు మోసే తల, కాస్త అందం కూడా మొయ్యనీ."

షామా చిన్న తలుపులోంచి వంగి వచ్చింది. చేతిలో రోజూ తెచ్చే సంచి. నాన్న కునుకు తీస్తున్నాడు. వసారాలో మంచంమీద పడుకుని ఆమె ఒళ్ళో తల పెట్టాను. నూనె వాసన, పాపిడి పుల్ల చల్లటి గీత. ఆ రోజు ఆమె మామూలుకంటే ఎక్కువ మాట్లాడింది.

"రెండు నెలలకి మించి ఉంచకు. దురద పెడితే గోరు పెట్టకు, పుల్ల కొసతో తట్టు. నూనె జడకి కాదు, పాపిట్లో. నిద్రపోయేటప్పుడు గుడ్డ మరిచిపోతావు నువ్వు, దిండుమీదే ఒకటి పరిచి ఉంచుకో. విప్పేటప్పుడు కొస నుంచి. ముళ్ళన్నీ విడిపోయాకే నీళ్ళు."

నా ఒళ్ళు బిగుసుకుంది. "ఈ ఆఖరిది నాకు అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఏది?" అంది. నా చెంపమీద చెయ్యి వేసి తల రెండోవైపుకి తిప్పింది. "అటు చూడు. ఈ పక్క మొదలెట్టాలి."

అడగాల్సింది. గట్టిగా లేచి కూర్చుని అడగాల్సింది. కానీ పొద్దున ఐదు తరగతులు చెప్పొచ్చాను, ఆమె వేళ్ళు ఒకే వరసలో నడుస్తున్నాయి, ఆ ఒళ్ళో ఎప్పుడూ నిద్ర ఆపుకోలేకపోయాను. చెవి వెనక జడ దగ్గర ఉండగా ఆమె గొంతు దూరమైంది.

మెలకువ వచ్చేసరికి నా చెంపకింద మడతపెట్టిన మెత్తటి గుడ్డ ఉంది. ఎండ వసారాలోంచి గోడమీదికి ఎక్కింది. చెయ్యి తలమీద వేశాను. నుదుటి నుంచి మెడదాకా ఒక్కటీ మిగలకుండా అయిపోయాయి. ప్రతి కొసా ముడేసి, జిగురద్ది, ఆరబెట్టి ఉంది. మంచం పక్కన పీట ఖాళీ. సంచి లేదు. వీధి తలుపు గడియ తీసి ఉంది. నాన్న మంచంమీద మెలకువగా, రేడియో చిన్నగా పెట్టుకుని, పైకప్పు చూస్తున్నాడు.

గోడకి అటుపక్కనుంచి మస్తూరా పిలిచింది. "షామా! ఎండ దిగింది!"

లేచి వీధి తలుపు గడియ వేసి, చిన్న తలుపు దగ్గరికి వెళ్ళి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. తల ఇంకా బిగువుగా, బరువుగా ఉంది.

"ఇంకా సగమే అయింది పెద్దమ్మా," అన్నాను.